అత్త అలిగి వదిలేసిన గుట్ట

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసి చెప్పేసరికి నేను లారీ వెనక చక్రం విప్పుతున్నాను. "అమ్మ లేదురా" అన్నాడు. పక్కన టీ అంగట్లో ఉన్నవాళ్లకు చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. ఒకాయన గ్లాసు దించకుండానే, "పొద్దున్నే మొదలుపెట్టినాడప్పా ఈయన" అన్నాడు. వాళ్లను అనేదానికి లేదు. బుద్ధి తెలిసినప్పటినుంచి ఈ రోడ్డు మీద నేను పుట్టించిన కబుర్లలో నిజాలు తక్కువ. లారీని అట్లాగే జాకీ మీద నిలబెట్టి, చేతికి అంటిన గ్రీసు కూడా తుడుచుకోకుండా బండెక్కాను. అప్పుడు గ్లాసులు కింద పెట్టి లేచారు.

ఈ వయసులో కూడా నన్ను నిలబెట్టి తిట్టగలిగిన మనిషి ఆమె ఒక్కతే. మా నాయనకు చెల్లెలు. నన్ను పేరుతో పిలిచింది తక్కువ, "ఒరే కంత్రీ" అని పిలిచిందే ఎక్కువ. నేను పదో తరగతి తప్పినప్పుడు ఇంట్లో పీనుగ లేచినట్టు కూర్చుంటే, ఆమె వచ్చి, "తప్పితే తప్పినాడు. వానికి నోరుండాది, యాడన్నా బతుకుతాడు" అని అందరినీ లేపి అన్నాలు పెట్టించింది. డోన్ నుంచి బేతంచెర్ల పోయే దారిలో, వాళ్ల గుట్ట కింద, నా పంక్చర్ అంగడికి జాగా ఇచ్చింది కూడా ఆమే. దానికి బదులు నేను చేయాల్సిందల్లా ఒకటే: ఆమె కేక వేసినప్పుడల్లా గుట్ట ఎక్కాలి. చవకగా దొరికిందనుకున్నాను. మోకాళ్లు అరిగాక గానీ తెలిసిరాలేదు.

గుట్ట అని అలవాటు కొద్దీ అంటున్నాను. అది గుట్టగా ఉండటం నేను చూడలేదు. మా వైపు ఇళ్లలో పరిచే నాపరాళ్లు భూమిలో పొరలు పొరలుగా ఉంటాయి, అప్పడాల కట్ట పెట్టినట్టు. ఆ గుట్టలో మంచి పొరలున్నాయని మామ గని తీశాడు. రాయి లేచింది. దాంతో ఇల్లు లేచింది, బావకు పాలిషు ఫ్యాక్టరీ లేచింది. గుట్ట మాత్రం కూలబడింది. మంచి పొరలు అయిపోయేసరికి మిగిలింది ఒక పక్క పెద్ద గుంత, ఇంకో పక్క దేనికీ పనికిరాని ముక్కరాళ్ల దిబ్బ. ఎండాకాలం మధ్యాహ్నం ఆ దిబ్బ పక్కన నడిస్తే పెనం పక్కన నిలబడినట్టు ఉండేది.

మామ పోయాక పంపకాల మాట వచ్చింది. అత్త మళ్లు అడగలేదు, ఇల్లు అడగలేదు. దిబ్బ, గుంత తన పేరున ఉంచమంది. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావకు నామోషీ అనిపించింది. "అదేంటికమ్మా, గొడ్డు నిలబడేకి కూడా నీడ లేదు ఆడ" అన్నాడు. ఆమె కాలి కింద నున్నటి బండలను చూపించి, "దాన్ని కోసుకొచ్చి ఇంట్లో పరుచుకొని తొక్కుతాండాం. మిగిలిండే ముక్కనన్నా నన్ను సూసుకోనీ" అంది.

ఆమె కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో పొద్దుగూకే వేళకు గుట్ట మీద కౌజులు కూసేవట. కౌజు అంటే కోడిపెట్టలో సగం ఉండే బూడిద రంగు పిట్ట. పొదల్లో పరిగెత్తుతుంది, కంటికి దొరకదు, కూత మాత్రం ఊరంతటికీ వినిపిస్తుంది. పుట్టింటి మీద బెంగ పెట్టుకున్న పిల్లకు ఆ కూతే తోడట. గనిలో మొదటి మందు పేల్చిన సాయంత్రం ఆ కూత ఆగిపోయింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, తాను కూడా పట్టించుకోలేదని ఆమే చెప్పేది. రాళ్లు బండ్లకెత్తుతుంటే లెక్క చూసుకుంటూ నిలబడిందట. ముసలితనంలో ఆమెకు పట్టుకున్న పట్టుదల ఒకటే. తాము తిన్న గుట్ట మళ్లీ గుట్ట కావాలి. తాను ఉన్నా, పోయినా, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

మొదట ముట్టుకున్నది ఆమే. చెరువుమట్టి ట్రాక్టర్లతో తోలించింది. వేప, కానుగ, చింత నాటించింది. చివరికి మామిడి కూడా. ట్యాంకరుతో నీళ్లు పోయించింది. నేను రోజూ పైకి పోయి, "అత్తా, కాయలు డోన్ మార్కెట్టుకు పంపాల్నా, కర్నూలుకు పంపాల్నా" అని అడిగేవాణ్ని. మొదటి వానకు మట్టి సగం గుంతలోకి కొట్టుకుపోయింది. మిగతా సగం ఎండాకాలానికి పెళుసుబారింది. మే నెల దాటేసరికి ఆ దిబ్బ మీద మొక్కలు లేవు, వాటికి పాతిన కట్టెలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి.

అత్త అలిగింది. ఆమె అలక తెలియనివాళ్లకు చెప్పాలి. మామ మీద అలిగినప్పుడు అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, చొక్కా ఉతికి మడత పెట్టేది, మొహం మాత్రం చూపించేది కాదు. గుట్ట మీద కూడా అట్లాగే అలిగింది. మా అంగడి ముందునుంచి నడిచి పోతూ మెడ అటువైపు తిప్పేది కాదు. "దానికి నా చెయ్యి పడలేదు. పోనీ. దాని సావు అది సావనీ" అంది. ట్యాంకరు ఆగిపోయింది. కూలోళ్లు మానేశారు. నాకు గుట్ట ఎక్కే పని తప్పింది.

మరుసటేడు వానలు పోయాక ఒకరోజు నేను దిబ్బ వెనక్కి పోయాను. ఎందుకు పోయానో ఇక్కడ రాయడం బాగుండదు. కూర్చున్నచోట ఎదురుగా, పేర్చినట్టు పడివున్న ముక్కరాళ్ల సందుల్లోంచి గడ్డి లేచి ఉంది. ఒకచోట కాదు, నీడ పడే పక్కనున్న ప్రతి సందులోనూ. గుంత గట్టు మీద తడి ఆరని చోట పచ్చటి పాచి, బండకు మఖమలు గుడ్డ కప్పినట్టు. పల్లేరు కాయలు కూడా ఉన్నాయి. ఆ సంగతి కాలికే తెలిసింది.

పోయి అత్తకు చెబితే నమ్మలేదు. "అబద్ధమైతే నీ తాట తీస్తా" అని కర్ర పట్టుకొనే వచ్చింది. గడ్డి చూసి కర్ర పక్కన పెట్టింది. కూర్చొని, సందులోకి వేలు దూర్చి, ఇంత మన్ను బయటికి తీసి అరచేతిలో వేసుకొని చూసింది.

"ఈ మన్ను యాడిదిరా? మనం తోలింది నల్లమట్టి గదా."

నిజమే, అది ఎర్రగా, పిండిలా ఉంది. గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము. మేం ట్రాక్టర్లకొద్దీ పోసింది నిలబడలేదు, గాలి చిటికెడు చిటికెడు తెచ్చి సందుల్లో దాచుకున్నది నిలబడింది. అత్త ఆ మన్నును మళ్లీ అదే సందులో పోసి, పైన చేత్తో తట్టింది. "మనమే తొందరపడితిమి" అంది. దిగి వస్తూ నా భుజం పట్టుకొని, "ఒరే, ఇంక ఏమీ చెయ్యద్దు. గమ్మునుందాం" అంది.

గమ్మునుండటం మా ఇంటా వంటా లేదు. ఆమెకు అసలే లేదు. కానీ నేర్చుకుంది. పొద్దున, సాయంత్రం ఒక ముక్కాలి పీట తెచ్చుకొని మా అంగడి పక్కన కూర్చొని గుట్టను చూస్తూ ఉండేది. లారీ డ్రైవర్లు దిష్టి తీసే అవ్వ అనుకొని దండం పెట్టి పోయేవాళ్లు. ఒకడు నిమ్మకాయ కూడా ఇచ్చాడు. అత్త దాన్ని మజ్జిగలో పిండుకొని తాగింది.

గడ్డి ఎండింది, పడింది, కుళ్లింది, సందుల్లో ఇంకాస్త మన్నయింది. ఆ మన్నులో తంగేడు లేచింది. వినాయక చవితి నాటికి ఆ తెల్లటి రాళ్లమీద పసుపు ఆరబోసినట్టు పూసింది. గని రోజుల్లో బండలెత్తే ఇనుప స్తంభం ఒకటి తుప్పుపట్టి అట్లాగే నిలబడి ఉండేది. పాతసామాను వాడు అడిగితే ఇచ్చేద్దామని నేనన్నాను. అత్త వద్దంది గనుక మిగిలింది. పికిలి పిట్టలు పొలాల మీద తిని వచ్చి ఆ స్తంభం మీద వాలేవి. వాలి ఊరికే ఉంటాయా? వాటి పని అవి చేసుకొని పోయేవి. ఏడాది తిరిగేసరికి సరిగ్గా స్తంభం చుట్టూ గుండ్రంగా రేగు, కలివి, వేప మొలకెత్తాయి. మిగతా దిబ్బంతా ఖాళీ. నేను విరగబడి నవ్వాను. చదువుకున్న పిల్లలు ఫోటోలు దిగుతూ నాటిన మొక్కలకంటే పిట్టల రెట్టలో పని ఎక్కువుందని అందరికీ చెప్పి తిట్లు తిన్నాను. అత్త నవ్వలేదు. "నీ అంగట్లో పాత కడ్డీలు, యాక్సిళ్లు ఉండాయి గదా, ఎత్తుకురా" అంది. మోయించి అక్కడక్కడా నిలబెట్టించింది. గమ్మునుందామన్నావు గదా అంటే, "నేనేమన్నా నాటినానా? పిట్టలకు పీట ఏసినా" అంది.

ఇంకొక్క విషయంలో కూడా ఆమె గమ్మునుండలేదు. సర్కారు తుమ్మ, ఎప్పుడో సర్కారోళ్లు బయటినుంచి తెచ్చి చల్లిన ముళ్లచెట్టు. గుంత పక్కన నీళ్ల వాసన పట్టి అది వచ్చింది, వస్తే ఇంక ఎవరినీ నిలబడనివ్వదు. ప్రతి ఏడూ మనిషిని పెట్టి వేళ్లతో సహా తవ్వించేది. "అది కూడా చెట్టే గదా అత్తా, నీకేం పగ" అని గెలికాను. "మనం తెచ్చిన చుట్టాన్ని మనమే సాగనంపాల. అది గుట్ట పని కాదు" అంది. ఆ మాట మీద నేను చాన్నాళ్లు ఆలోచించాను. ఆమె ముందు ఆలోచిస్తున్నట్టు కనపడలేదు, అంతే.

గడ్డి పెరిగితే గొర్రెలు రాకుండా ఉంటాయా? మా ఊరి గొర్రెలాయన మందను తోలుకొచ్చి రెండు పూటల్లో ఏడాది పెరిగినదంతా కొరిగించాడు. ఎండాకాలంలో గుట్టకు నిప్పు పెట్టే అలవాటు కూడా ఉంది మా వైపు, పాత గడ్డి కాలితే మొదటి వానకు లేత గడ్డి వస్తుందని. అత్త అరిచి చూసింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఇది నా శాఖ అనుకొని నేను దిగాను. పాత లారీ ట్యూబు కోసి చిరుత పంజా ఆకారం చేశాను. చెప్పు కింద అతికించుకొని, వాన పడిన తెల్లారి గుంత దగ్గర బురదలో చక్కగా అడుగులు వేసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి ఊరంతా చిరుత. సాయంత్రానికి బేతంచెర్లలో చిరుత. నల్లమల నుంచి మహానంది మీదుగా వచ్చిందని దారి కూడా చెప్పారు ఎవరో, నాకే భయం వేసింది.

అత్త వచ్చింది. అడుగులను వంగి చూసింది. నా చెప్పుల వంక చూసింది.

"చిరుతకు రెండే కాళ్లంట్రా?"

మిగతా రెండు వేయడం మరిచిపోయాను. ఆమె అంతటితో వదల్లేదు. గొర్రెలాయన పెళ్లాం పిల్లలు తలుపులు బిగించుకొని బిక్కుబిక్కుమంటున్నారని, నన్ను వాళ్లింటికి తీసుకుపోయి నా నోటితోనే చెప్పించింది. ఆయన నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టాక, ఆమె నెమ్మదిగా అసలు మాట ఎత్తింది. "నీ గొర్రెలకు గడ్డి కావాల. నాకు గుట్ట కావాల. కోసుకొనిపో, మేపద్దు. కొడవలి పై పైన కోస్తాది, గొర్రె మూతి వేరు దాకా పోతాది." అప్పటినుంచి ఆయన గడ్డి కోసుకొని మోపులు కట్టుకుపోయేవాడు. ఆ మోపుల మీద ఆశతో ఆయనే నిప్పు పెట్టేవాళ్ల వెంటపడి తరిమేవాడు. నా చిరుత చేయలేనిది ఆ కొడవలి చేసింది. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

అట్లా ఏళ్లు గడిచాయి. గుంతలో నీళ్లు నిలబడి తూనీగలు, కప్పలు చేరాయి. ఉడుమును చూశాను. పొదలు ఒకదాన్నొకటి తాకేంత పెరిగాయి. ఒక సాయంత్రం నాకు ఫోన్. అత్త. ఆమె ఇంటి వెనక వసారాలో కూర్చుంటే గుట్ట ఇంకో పక్కనుంచి కనిపిస్తుంది.

"ఒరే కంత్రీ, సాలు ఇంక. దిగిరా."

"యాడినుంచి అత్తా?"

"గుట్ట మీదినుంచి. పొద్దున్నుంచి ఇంటాండా. కౌజు మాదిరి కూసి నన్ను ఎగతాళి చేస్తాండావు గదా. ముసలిదాన్ని, ఇట్లాటి దాంట్లో ఆడుకోద్దురా."

నేను అంగట్లో ఉన్నాను. చేతిలో ట్యూబు, పక్కన గిరాకీ. ఆ సంగతి చెబితే నమ్మదని ఫోన్ డ్రైవరుకు ఇచ్చాను. రాజంపేట మనిషి, ఆయనకు ఏమీ తెలియదు. "ఈయప్ప ఈడే ఉండాడమ్మా, నా టైరు చూస్తాండాడు" అన్నాడు. ఫోన్ మళ్లీ తీసుకొని చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆమె ఊపిరి వినిపిస్తోంది. దాని వెనక దూరంగా, కౌజు కూత. మనిషి గొంతుతో అట్లా కూయడం నా వల్ల కాదు. తర్వాత ప్రయత్నించి చూశాను కూడా.

మరునాడు పొద్దున పోతే మంచమ్మీద కూర్చొని ఉంది, కళ్లు వాచి ఉన్నాయి. పాత గుట్ట తిరిగొచ్చింది కదా అత్తా అన్నాను. తల అడ్డంగా ఊపింది. "పాతది రాదు. పాత గుట్ట మీద బిక్కిచెట్లు ఉండె, ఊట ఉండె. అవి పాయ. ఇది యేరే గుట్ట. ఇదీ మంచిదే" అంది. తర్వాత, నిన్న నిన్ను ఉత్తపుణ్యానికి తిట్టినానని, బొరుగులతో కలిపి పెట్టిన ఉగ్గాని నా ముందుకు జరిపింది. ఉత్తపుణ్యానికి తిట్టింది ఆ ఒక్కసారే గనుక నాకు గుర్తుంది.

ఆఖరి రెండేళ్లు ఆమెకు నిద్ర తక్కువైంది. దేనికీ పనికిరాదనుకున్న ముక్కరాయికి గిరాకీ వచ్చింది. క్రషరువాళ్లు దిబ్బలకు దిబ్బలు ఎత్తి పొడి కొట్టుకుపోతున్నారు. మా చుట్టుపక్కల అట్లాంటి దిబ్బలు ఒక్కొక్కటే చదునైపోతున్నాయి. బావ దగ్గరికీ వచ్చారు. బావ చెడ్డవాడు కాదు, నాకంటే వందరెట్లు మంచివాడు. తల్లిని ఒక్కమాట అనేవాడు కాదు. ఆమె "ఇయ్యనని చెప్పు" అని ఎన్నిసార్లు అడిగినా, "సూద్దాంలేమ్మా" అనేవాడు. ఆ మాటకు అర్థం ఏమిటో మా ఇళ్లలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

పోవడానికి కొన్నాళ్ల ముందు నన్నడిగింది. "నేను పోతే వాడు ఇచ్చేస్తాడు గదరా?"

"ఇస్తే నేను దయ్యాన్నై క్రషరులో కూర్చుంటా" అన్నాను.

"నువ్వు ఇప్పుడు మాత్రం దయ్యానివి కాదా" అంది. కానీ నవ్వలేదు. గుట్ట మీద, దిబ్బకు ఆనుకొని ఒక చోటు చూపించి, తనను అక్కడే మట్టి చేయమంది.

అక్కడే చేశాం. మూడో దినం పొద్దున బంధువులంతా వచ్చారు. సమాధి మీద నాపబండ పెట్టి, విస్తరి వేసి, అన్నం, కోడికూర, గుడ్లు, ఆమెకు ఇష్టమని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టారు. అందరూ దూరం జరిగి కాకి కోసం కూర్చున్నారు. మా వైపు ఆ కూడు కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో తీరని కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి మాట ఇస్తారు. సరైన మాట తగిలినప్పుడు కాకి వాలుతుంది.

కాకి రాలేదు. ఎండ ఎక్కింది. మా చిన్నాయన అందరికంటే పెద్దవాడు, ఇట్లాంటివి ఆయనే నడిపిస్తాడు. "ఏదో కొదవ ఉండాదప్పా ఆమెకు. అడగండి" అన్నాడు.

కోడలు లేచింది. అత్త చీరలు ఎవరికీ పంచనని, తానే కట్టుకుంటానని చెప్పింది. కాకి రాలేదు. బావ లేచి, సమాధికి మంచి రాయి వేయిస్తానన్నాడు. ఏడాది ఊరందరికీ అన్నం పెడతానన్నాడు. రాలేదు. ఎవరో నా వైపు చూశారు. నేను లేచి, ఇంక ఎవరినీ ఆటపట్టించనని మాటిచ్చాను. కాకి కూడా నమ్మలేదు.

ఇక్కడ ఒక విషయం మీకు మాత్రం చెబుతాను. ఇన్నేళ్లలో ఆ గుట్ట మీద నేను కాకిని చూడలేదు. కాకి మన ఎంగిలి వెంట తిరిగే పక్షి. కింద రోడ్డు పక్కనున్న దాబా వెనక కావలసినన్ని ఉంటాయి. గుట్ట మీద ఎంగిలి లేదు. ఎప్పుడైనా ఒకటి దారి తప్పి పైకి వస్తే, పొదల్లో గూళ్లు పెట్టిన పసులపోలిగాళ్లు ముక్కుతో పొడిచి రోడ్డు దాకా తరిమికొడతాయి. పిడికెడంత పిట్టలు, ఎంత పొగరో. అంటే సాయంత్రం దాకా కూర్చున్నా అక్కడ కాకి వాలదు. ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, ఒకరు నేను, ఇంకొకరు ఆ బండ కింద ఉన్నారు. ఆ చోటు ఏరికోరి ఎందుకు అడిగిందో నేనెవరినీ అడగదలుచుకోలేదు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకొని కూర్చున్నాను. అది చాలా కష్టమైన పని.

బావ అన్నీ చెప్పేశాడు. చెప్పడానికి ఇంక ఒకటే మిగిలింది. అది అందరికీ తెలుసు, ఆయనకు ముందే తెలుసు. ఎండకు తలమీద తుండు వేసుకొని బావ దిబ్బ వైపు చూశాడు. పూత రాలిన తంగేడు, కలివి పొదలు, స్తంభం మీదికి పాకిన తీగ. చాలాసేపు చూశాడు. అట్లా చూడటం ఆయనకు అదే మొదలేమో.

"క్రషరోళ్లకు ఇయ్యనమ్మా" అన్నాడు. ఇంకోసారి, అందరికీ వినపడేట్టు అన్నాడు. "గుట్ట జోలికి నేను పోను. నా పిల్లోళ్లు పోరు. పిట్టలకు, గడ్డికి వదిలేస్తాండా. ఇంక తినమ్మా."

తర్వాత ముక్కరాళ్ల సందులోంచి ఒక ముంగిస తల బయటపెట్టింది. ఇంతమంది జనాన్ని ఎగాదిగా చూసింది. నింపాదిగా నడిచి వచ్చి, బండ మీద ముందుకాళ్లు వేసి, గుడ్డు నోట కరుచుకుంది. ఒక్కరూ కదల్లేదు. అది గుడ్డు తీసుకొని వచ్చిన సందులోకే పోయింది, మళ్లీ వచ్చింది, ఈసారి కోడిముక్క.

అప్పుడు గుసగుసలు మొదలయ్యాయి. ముంగిస ముట్టితే చెల్లుతుందా అని ఒకరు, ఇంకాసేపు చూద్దామని ఇంకొకరు. చిన్నాయన కర్ర ఊతంగా లేచి, పంచె దులుపుకున్నాడు. "ఆమె గుట్ట మీద ఉండాది. గుట్ట మీది జీవి తినింది. సెల్లుతాది. లేయండి" అన్నాడు.

బావ ఇది చదవడు, ఆయనకు ఇట్లాంటివి చదివే తీరిక లేదు. చదివినా నాకేం భయం లేదు. ఇచ్చిన మాట బంధువర్గమంతా విన్నది. పైగా మాట తీసుకున్నది నేను కాదు.

అందరూ దిగి రోడ్డు మీదికి వచ్చారు. కార్లు నా అంగడి ముందే నిలిపారు. ఎక్కబోతూ చూసుకుంటే అందరి బట్టలకూ గడ్డిగింజలు. ఎండిన గడ్డిలో కూర్చున్నాం కదా, సన్నటి మీసాలున్న గింజలు పంచెలకు, చీర అంచులకు, పిల్లల మేజోళ్లకు కుట్టినట్టు పట్టుకున్నాయి. దులిపితే పోవు, ఒక్కొక్కటి పట్టి లాగాలి. పాలిషు ఫ్యాక్టరీ యజమాని కదా, బావ ఎప్పుడూ తెల్ల ప్యాంటే వేస్తాడు. కారు తలుపు తెరిచి, కాళ్లు బయట పెట్టుకొని కూర్చొని, మోకాలి నుంచి కిందికి వరసగా పీకుతూ ఉన్నాడు. ఏడుస్తున్నాడో, గింజల మీద చూపు పెట్టాడో తెలియలేదు. పీకినవన్నీ ఎడమ చేతిలో పోగుచేసుకున్నాడు. చెయ్యి నిండాక రోడ్డు అవతలికి విసిరాడు. గాలి ఇటు తిరిగి ఉంది. సగం గింజలు నా అంగడి ముందు మట్టిలో పడ్డాయి, మిగతావి తిరిగొచ్చి ఆయన ప్యాంటుకే పట్టుకున్నాయి. ఆయన వాటిని చూసి, ఇంక తీయకుండా, కాళ్లు లోపల పెట్టుకొని తలుపు వేసుకున్నాడు.